మా ఇంటి గోత్‌లు

పోయిన నెలలో తమ్ముడు అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టా నుంచి ఫోన్ చేసి, "అక్కా, గుడ్ న్యూస్! నాన్న పనిచేసిన కాలేజీ వాళ్ళు లైబ్రరీలో ఒక రూమ్‌కి నాన్న పేరు పెడుతున్నారు. ఇండియా స్టడీస్ రూమ్ అంట. నీకు మెయిల్ ఫార్వర్డ్ చేశా, చూశావా?" అన్నాడు. చూశాను. చూసిన దగ్గర్నుంచీ ఒళ్ళు మండుతూనే ఉంది. భారతదేశ చరిత్రను అమెరికన్ విద్యార్థులకు పరిచయం చెయ్యడానికి జీవితాన్ని అంకితం చేసిన మహనీయుడట మా నాన్న! అంకితం చెయ్యడమేమిటి, వాళ్ళే తెచ్చి ఆయన మెడకు కట్టారు. ఆ మాటే తమ్ముడితో అంటే, "అబ్బా, నువ్వు ప్రతిదానికీ ఇంతే అక్కా, పేరు పెడుతుంటే సంతోషించక" అన్నాడు. వాణ్ణి అని లాభం లేదు. నేను చెప్పబోయే రోజున వాడు అమ్మ చంకలో ఉన్నాడు. ఇక్కడ కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో కూర్చుని పళ్ళు కొరుక్కోవడం కంటే వెళ్ళి అమ్మతో, వాడితో ఎదురుగా మాట్లాడడం మేలనిపించి టికెట్ బుక్ చేసుకున్నాను. నాన్న పోయాక అమ్మ కూడా తమ్ముడి దగ్గరే ఉంటోంది.

మా నాన్న రత్నం గారు చదివింది గోత్‌ల చరిత్ర. ఎవరీ గోత్‌లు అని మీరు అడుగుతారని నాకు తెలుసు, ఎందుకంటే జీవితమంతా అందరూ అడిగారు. రోమ్ సామ్రాజ్యానికి ఉత్తరాన, డాన్యూబ్ నదికి అవతల బతికిన ఒక జర్మానిక్ జాతి. తూర్పు నుంచి హూణులు తరుముకొస్తే ఆడా మగా పిల్లా జెల్లా నది ఒడ్డుకొచ్చి, మమ్మల్ని మీ దేశంలోకి రానివ్వండి అని రోమ్ చక్రవర్తిని బతిమాలుకున్నారు. తర్వాత ఆ రోమ్‌నే దోచారు, ఫ్రాన్స్ దక్షిణాన ఒక రాజ్యం కట్టారు, అక్కడి నుంచి తరిమేస్తే స్పెయిన్‌కి పోయి టొలేడోలో సింహాసనం వేసుకున్నారు. నరసాపురంలో పుట్టి పెరిగిన మనిషికి వీళ్ళెక్కడ తగిలారంటే, మిషన్ వాళ్ళ కాలేజీ లైబ్రరీలో. ఎవరో దొరగారు వదిలేసి వెళ్ళిన లావుపాటి చరిత్ర పుస్తకంలో, గోత్‌ల కోసం ఒక బిషప్పు కొత్తగా అక్షరాలు తయారుచేసి బైబిలు వాళ్ళ మాటలో రాశాడని నాన్న చదివాడు. నాన్న తాతగారికి అక్షరాలు వచ్చింది కూడా బైబిలు కోసమే. అంతకు ముందు మా వంశంలో బడి గుమ్మం తొక్కిన వాళ్ళు లేరు. "ఊరంతా మోటు మనుషులని తోసేసిన వాళ్ళు, ముందుగా చదివింది దేవుడి మాట. నాకు మనవాళ్ళే కనపడ్డారే అమ్మడూ" అని నాతో చాలాసార్లు అన్నాడు. అంతే, ఇక ఆయన వాళ్ళని వదల్లేదు.

అమ్మ నర్సు. మేం అమెరికా వచ్చింది అమ్మ ఉద్యోగం మీద. అమ్మ వెనకాల వచ్చిన నాన్న ఇక్కడ యూనివర్సిటీలో గోత్‌ల మీదే డాక్టరేటు చేశాడు. ఆ తర్వాత జార్జియాలో, అట్లాంటాకి చాలా దూరంగా ఉన్న ఒక చిన్న ఊళ్ళోని కాలేజీ వాళ్ళు ఉద్యోగమిచ్చారు. ఎందుకిచ్చారనుకున్నారు? ఇండియా గురించి చెప్పడానికి వాళ్ళకొక ఇండియన్ కావాల్సి వచ్చాడు. డిగ్రీ కాగితం మీద ఏముందో చూశారో లేదో గానీ, మొహం మాత్రం చూశారు. ప్రస్తుతానికి ఇది చెప్పండి, మన మధ్యయుగపు యూరప్ ప్రొఫెసర్ గారు పెద్దాయన, ఆయన రిటైర్ అయ్యాక చూద్దాం అన్నారు. అశోకుడి గురించి, అక్బరు గురించి నాన్నకి తెలిసింది హైస్కూల్లో బట్టీ పట్టినంతే. పిల్లల కంటే ఒక పాఠం ముందుండేలా రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ పుస్తకం చదువుకునేవాడు, పరీక్షకి పోయే కుర్రాడిలా. సాయంత్రం తిరిగొచ్చి, "ఇవాళ కూడా ఆవుల గురించే అడిగారు" అంటూ బూట్లు విప్పేవాడు.

ఆ ఇంటి వాసనలు నాకింకా గుర్తే. పైన్ చెట్ల వాసన, అమ్మ చేతుల నుంచి వచ్చే ఆస్పత్రి సబ్బు వాసన, మామ్మ ఎండు రొయ్యలు వేయించిన రోజైతే కిటికీలన్నీ తెరిచినా మూడో ఇంటిదాకా పోయే ఘుమఘుమ. మామ్మ అంటే నాన్నమ్మ. నరసాపురం నుంచి తెచ్చిన తెల్ల చీరలే కట్టేది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. అన్నాలకి ముందు కుటుంబ ప్రార్థన. మామ్మ పాట ఎత్తుకునేది, నాన్న బైబిల్లోంచి వాక్యం చదివేవాడు, అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోందో డ్యూటీ అలసటకి కునుకు తీస్తోందో దేవుడికే తెలియాలి. ఆమెన్ అనగానే గోత్‌లు దిగేవాళ్ళు. ఆవకాయ జాడీ రోమ్, గోంగూర సీసా కాన్‌స్టాంటినోపుల్, మధ్యలో పొడుగ్గా పెట్టిన అట్లకాడ డాన్యూబ్. అవతలి ఒడ్డున గోత్‌లు కాచుక్కూర్చునేవాళ్ళు. రోమ్ అధికారులు వాళ్ళని నది దాటనిచ్చి తిండి పెట్టకుండా మాడ్చారని, ఆకలికి తాళలేక ఒక కుక్క మాంసం కోసం ఒక బిడ్డని బానిసగా ఇచ్చారని చెప్పేటప్పుడు నాన్న కలిపిన అన్నం అలాగే వదిలేసేవాడు. మామ్మ ముద్ద నోట్లో పెట్టుకోకుండా, "వాళ్ళ చేతులు పడిపోను! పసిబిడ్డల్నా?" అని నిన్నో మొన్నో వీధి చివర జరిగినట్టు తిట్టేది. అమ్మ మాత్రం, "ఏమండీ, మీ గోత్‌లు నది దాటేలోగా చారు చల్లారిపోతోంది, ముందు తినండి" అనేది. ఒకసారి నాన్న వాళ్ళ భాషలో పరలోక ప్రార్థన వినిపించాడు. తండ్రిని వాళ్ళు 'అత్త' అంటారని తెలిసి మామ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "బాగుందిరా అబ్బాయీ, దేవుణ్ణి తీసుకెళ్ళి మీ అత్తని చేశావా?" అంది. నాన్న కూడా నవ్వాడు. ఆయన అంత బాగా నవ్వింది భోజనాల బల్ల దగ్గరే.

ఆయనకి ఎక్కడ లేని కోపం తెప్పించేది కాలేజీ చర్చి. కోసుగా పైకి లేచిన కిటికీలు, రంగు అద్దాలు, ఎవరొచ్చినా గోతిక్ కట్టడమని గొప్పగా చూపించేవాళ్ళు. "వాళ్ళు దీనికి ఒక్క రాయి ఎత్తలేదు! వాళ్ళ రాజ్యం పోయిన ఎన్ని వందల ఏళ్ళకో ఎవరో కట్టారు. నచ్చనివాళ్ళు మోటు పని అని వెక్కిరించడానికి ఆ పేరు తగిలించారు" అని ప్రతిసారీ పాఠం చెప్పేవాడు. వినేవాళ్ళు తల ఊపి, ఆ కిటికీల ముందే ఫోటోలు తీసుకునేవాళ్ళు.

సరే, చివరికి ఆ పెద్ద ప్రొఫెసర్ గారు రిటైర్ అవుతున్నారని తెలిసింది. డిపార్ట్‌మెంట్ హెడ్ హారిస్ గారు వరండాలో ఎదురై, "రత్నం, మీ విషయం నా మనసులో ఉంది" అన్నారట. ఇంకేముంది! నాన్న ఆ సాయంత్రం ఇంట్లోకి అడుగుపెట్టిన తీరే వేరు. వేసవి సెలవులయ్యాక మొదటి పాఠం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి రిహార్సల్ చేశాడు. నది దగ్గర్నుంచే మొదలుపెట్టాలని నేను, కాదు బైబిలు దగ్గర్నుంచని మామ్మ వాదించుకున్నాం. మనసులో ఉందన్న మాటకీ, ఇచ్చామన్న మాటకీ మధ్య ఎంత దూరముందో మాకెవరికీ తట్టలేదు. తట్టినా మామ్మ ఒప్పుకునేది కాదు. అడిగాక దొరికిందని నమ్మాలి, నమ్మాక ముందే స్తోత్రం చెల్లించాలి, అదీ మామ్మ లెక్క. కృతజ్ఞత కూడిక పెట్టాల్సిందే అంది. మావాళ్ళలో ఉద్యోగమొచ్చినా, జబ్బు నయమైనా, ఇల్లు కట్టినా నలుగుర్నీ పిలిచి పాటలు పాడి, ప్రార్థన చేసి, కడుపునిండా భోజనం పెట్టడం రివాజు. అమ్మ కూడా సరేనంది. పైగా, "ఆ హారిస్ గారిని కూడా పిలవండి, మర్యాదగా ఉంటుంది" అంది. ఆ మాట అన్నందుకు అమ్మ తర్వాత ఎన్నిసార్లు నెత్తి కొట్టుకుందో!

శనివారం మధ్యాహ్నం అట్లాంటా నుంచి తెలుగు కుటుంబాలన్నీ కార్లలో దిగాయి. అప్పట్లో అన్నీ అంటే ఓ గుప్పెడు. ఇప్పుడు అల్ఫారెట్టాలో పెరుగు కొనడానికి వెళ్తే ఎదురయ్యేంత మంది కూడా లేరు. కార్పెట్ మీద దుప్పట్లు పరిచాం. వంటింట్లో పలావు, కోడికూర. హారిస్ గారు భార్యతో కలిసి, చేతిలో ఆపిల్ పై పట్టుకుని వచ్చారు. మాదేదో ఇండియన్ పండగ అనుకున్నారు పాపం. దుప్పటి మీద కూర్చోలేక మోకాళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలియక తంటాలు పడుతుంటే కుర్చీ వేశాం. పాటలయ్యాయి, వాక్యమయ్యింది. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, లేచి, "మన మధ్యకి పెద్దవారు వచ్చారు. వారు రెండు మాటలు చెప్తారు. రత్నం గారు తర్జుమా చేస్తారు" అన్నారు. మన కూడికల్లో కొత్త మొహం కనపడితే రెండు మాటలు చెప్పించకుండా వదులుతామా? తర్జుమాలో నాన్న ఘనాపాఠి. నరసాపురంలో తెల్లదొరల ప్రసంగాలకి పక్కన నిలబడి తెలుగు చేసేవాడు. దొర కంటే రత్నం గొంతే గట్టిదని పేరుండేది.

హారిస్ గారు కుర్చీలోంచి లేచారు. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాడు. మీ ఇంటికి రావడం సంతోషమన్నారు హారిస్ గారు. నాన్న తెలుగులో చెప్పాడు. రత్నం మా కాలేజీకి దొరికిన నిధి అన్నారు. "రత్నం మా కాలేజీకి దొరికిన నిధి" అని నాన్న కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు, అందరూ స్తోత్రం అన్నారు. ఇండియా గురించి ఆయనలా చెప్పగలవాళ్ళు ఈ రాష్ట్రంలోనే లేరన్నారు. నాన్న అదీ చెప్పాడు. అందుకే వచ్చే ఏడాది నుంచి ఆయనకి ఇండియా మీద ఇంకో కోర్సు ఇస్తున్నాం అన్నారు. ఇక్కడ నాన్న ఆగాడు. ఎక్కువసేపు కాదు. తర్వాత అదే గొంతుతో, చివరి వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేలా, "అందుకే వచ్చే సంవత్సరం నుంచి ఇండియా మీద ఇంకొక కోర్సు ఇస్తున్నాం" అన్నాడు. యూరప్ పాఠాలకి బయటి నుంచి ఒక కుర్రవాణ్ణి తీసుకున్నాం, ఇక రత్నానికి ఆ బెడద ఉండదు, తనకిష్టమైన సొంత దేశం గురించే హాయిగా చెప్పుకోవచ్చు అని హారిస్ గారు నవ్వుతూ ముగించారు. నాన్న ఒక్క ముక్క వదల్లేదు. బెడద అన్న మాట కూడా వదల్లేదు. సగం మంది అలవాటు కొద్దీ ఆమెన్ అన్నారు.

మామ్మకి మాత్రం అర్థమైంది. "ఒరేయ్ అబ్బాయీ, మరి నీ గోత్‌లో?" అంది.

"వేరేవాళ్ళకి ఇచ్చారమ్మా."

"అయితే ఈ స్తోత్రాలు దేనికిరా?"

అయ్యగారు పాటల పుస్తకం పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి అమ్మ ముందుకొచ్చింది, చేతిలో గరిట అలాగే ఉంది. కోపమొస్తే అమ్మకి ఇంగ్లీషు రాదు. "ఆయనకి చెప్పండి. మీరు ఇండియా చదవలేదని చెప్పండి. ఇండియా వద్దని ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని తిరిగారని చెప్పండి. మనిషి మొహం చూసి పుస్తకం చేతికిస్తారా అని అడగండి!" అంది. హారిస్ గారు, ఆవిడేమంటున్నారన్నట్టు నవ్వుమొహంతోనే నాన్న వైపు తిరిగారు. జన్మలో తర్జుమా తప్పని మనిషి, మా నాన్న, ఇంగ్లీషులో, "భోజనాలు సిద్ధంగా ఉన్నాయి, అందర్నీ రమ్మంటోంది" అన్నాడు.

నేను ఆ కోడికూర ముట్టుకోలేదు. హారిస్ గారు మాత్రం రెండుసార్లు వడ్డించుకుని, కారానికి కళ్ళు తుడుచుకుంటూ, వంట అద్భుతమని మెచ్చుకున్నారు. మర్నాడు చర్చి నుంచి వస్తుంటే కారులో నాన్నని నిలదీశాను. ఎందుకలా చెప్పావు, అమ్మ అన్నది చెప్పచ్చుగా అన్నాను. "ఇంటికొచ్చిన మనిషమ్మా" అన్నాడు. కాసేపటికి, "ఆ ఉద్యోగం కూడా లేకపోతే ఆ లైబ్రరీ ఉండదు. అప్పుడు నా దగ్గరేం ఉంటుంది?" అన్నాడు. నాకు సమాధానపడాలనిపించలేదు. ఇప్పటికీ అనిపించడం లేదు. అమ్మ ముందు సీట్లో కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

తర్వాత జరిగిందేమిటంటే, ఏమీ జరగలేదు. అదే నాకు కడుపుమంట. నాన్న రెండు ఇండియా కోర్సులూ శ్రద్ధగా చెప్పాడు, రిటైరయ్యేదాకా చెప్పాడు. మంచి పేరే తెచ్చుకున్నాడు. భోజనాల బల్ల మీద ఆవకాయ జాడీ ఆవకాయ జాడీగానే ఉండిపోయింది. ఒకరోజు అమ్మే ఉండబట్టలేక, "మీ గోత్‌లు ఎక్కడిదాకా వచ్చారండీ?" అని అడిగింది. "స్పెయిన్‌లో ఆగిపోయారు" అన్నాడు నాన్న పెరుగు కలుపుకుంటూ. అంతే. చారు చల్లారిపోతోందని విసుక్కున్న మనిషే మాట్లాడమని అడిగినా ఆయన మాట్లాడలేదు. చివరి రోజుల్లో శాన్ రామన్‌లో నా దగ్గరున్నప్పుడు మాత్రం ఒకసారి వాకింగ్‌లో ఊరి పేరు బోర్డు దగ్గర ఆగి, "రామన్ అంటే వాళ్ళలాంటి పేరే. స్పెయిన్ వాళ్ళకి రామన్, ఫెర్నాండో, రోడ్రిగో, ఈ పేర్లన్నీ వచ్చింది గోత్‌ల వంటి జాతుల నుంచే. రాజ్యం పోయింది, మాట పోయింది, పేర్లు మాత్రం ఓడలెక్కి ఇక్కడిదాకా వచ్చాయి" అన్నాడు. నేను ఇంకా చెప్తాడేమోనని చూశాను. చలిగా ఉంది, ఇంటికి పోదామన్నాడు.

మా చర్చికి ఎమ్మెస్ చదివే పిల్లలు వస్తుంటారు. మంచి పిల్లలు. "ఆంటీ, మీ నాన్నగారు హిస్టరీ ప్రొఫెసరంట కదా, ఇండియన్ హిస్టరీయేనా?" అని అడుగుతారు. యూరప్‌లో గోత్‌లని చెప్తే, "అవునా? మనోళ్ళది వదిలేసి వాళ్ళదెందుకు ఆంటీ?" అంటారు. నాకు తిక్క రేగుతుంది. వీళ్ళు చదివే కంప్యూటర్ ఏ దేశానిదని వీళ్ళని ఎవరైనా అడిగారా? తెలుగువాడు అమెరికాలో ఏ కంపెనీ కోడ్ రాసినా పర్వాలేదు, ఒక పాత జాతి కథ చదివితే మాత్రం అందరికీ సంజాయిషీ ఇచ్చుకోవాలి. అప్పుడు సొంత దేశం గురించే చెప్పుకోమని హారిస్ గారొక్కరే అన్నారు. ఇప్పుడు మనవాళ్ళే అంటున్నారు. ఏం మారిందో మీరే చెప్పండి.

అల్ఫారెట్టా వచ్చిన రోజే కాలేజీకి మెయిల్ రాశాను. గది పేరు మార్చలేకపోతే కనీసం గుమ్మం దగ్గర పెట్టే బోర్డు మీద, ఆయన గోత్‌ల చరిత్రకారుడని ఒక్క వాక్యం చేర్చమన్నాను. మర్నాడు జవాబొచ్చింది. పొద్దున్న టిఫిన్ దగ్గర అందరికీ వినపడేలా చదివాను. ఎవరో అమ్మాయి చాలా మర్యాదగా రాసింది. తప్పకుండా పరిశీలిస్తామంది. అయితే గోత్‌లనేవాళ్ళు ఇండియాలో ఏ ప్రాంతానికి చెందినవాళ్ళో చెప్తే, బోర్డు మీద తప్పు పడకుండా చూసుకుంటామంది.

తమ్ముడికి నవ్వాగలేదు. "పోనీలే అక్కా, వదిలెయ్. ఈవెంట్ డేట్ ఫిక్స్ చేశారు, చర్చి వాట్సాప్ గ్రూప్‌లో అందరికీ పోస్ట్ చేశాను కూడా. ఇప్పుడు గొడవెందుకు?" అన్నాడు. ఇక నేనూ వదిలేద్దామనే అనుకున్నాను, నిజం. దేవుడి మీద ఒట్టు, చాలా విసిగిపోయాను.

అమ్మ ఇడ్లీ ప్లేటు పక్కకి జరిపింది. "నంబరుందా అందులో? కలుపు" అంది.

"అమ్మా, నేను మాట్లాడతాలే..."

"ఇన్నాళ్ళూ మాట్లాడేవాళ్ళు మాట్లాడారు. నువ్వు కలుపు."

స్పీకర్ పెట్టి ఇచ్చాను. అవతలి అమ్మాయి పలకరించగానే అమ్మ తన పేరు చెప్పి, రత్నం గారి భార్యనని చెప్పి, ఆస్పత్రిలో ఇన్నేళ్ళు వాడిన ఇంగ్లీషులో, తొందర లేకుండా అంది: "చూడమ్మా, మా ఆయన ఇండియాలో పుట్టారు. అంతే. ఆయన చదివింది ఇండియా కాదు. ఇండియా మీరిచ్చారు, ఆయన వద్దనలేదు. ఆయన చదివింది గోత్‌ల గురించి. వాళ్ళు ఇండియాలో ఏ ప్రాంతమూ కాదు. అది రాస్తే ఆయన పేరు పెట్టండి, లేకపోతే పెట్టద్దు."

తమ్ముడు కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాడు. అవతల కాసేపు కీబోర్డు చప్పుడు. తర్వాత ఆ అమ్మాయి, రాసుకున్నాను మేడమ్, పైవాళ్ళకి పంపిస్తానంది. అమ్మ ఫోన్ పెట్టలేదు. నర్సులకొక నియమం ఉంటుంది. డాక్టరు ఫోన్లో చెప్పిన మందు రాసుకుంటే చాలదు, రాసుకున్నది తిరిగి చదివి వినిపించాలి. కొత్త నర్సుల చేత అమ్మ ఆ పని చేయించకుండా ఒక్కరోజు కూడా వదల్లేదని చెప్పేది.

"ఏం రాశావో ఒకసారి చదువమ్మా" అంది అమ్మ.